తుడిచేముందు చూసే షరతు

మే నెల ఎండలో మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్లే బస్సులో ఫోన్ తీసి సినిమా పెడితే, కాసేపటికే అది చేతిలో చురుక్కుమంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లను నడిపేది లైనక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం. 2012 నాటి నెక్సస్ 4 వంటి స్నాప్‌డ్రాగన్ ఫోన్లలో ఈ వేడి తగ్గేలా, పని తగ్గితే ప్రాసెసర్‌లోని కొన్ని కోర్లను పూర్తిగా ఆపేసి, అవసరం పడ్డప్పుడు మళ్లీ లేపేవారు. దీని పేరు సీపీయూ హాట్‌ప్లగ్. ఆపడం తేలికే. చిక్కంతా లేపడంలోనే ఉంది.

ఆ చిక్కు అర్థం కావాలంటే కెర్నెల్‌లోని ఆర్‌సీయూ (రీడ్-కాపీ అప్‌డేట్) అనే పద్ధతి పుట్టుక తెలియాలి. 1990ల్లో అమెరికాలోని సీక్వెంట్ కంపెనీలో పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ దీన్ని రూపొందించారు. 1995లో పేటెంట్ వచ్చింది. సమాచారాన్ని చదివేవారు తాళం వేయనక్కర్లేదు. మార్చేవారు కొత్త ప్రతి తయారుచేసి, పాతదాన్ని చదువుతున్నవాళ్లంతా బయటపడేదాకా ఆగి, అప్పుడు దాని మెమరీని విడుదల చేస్తారు. ఆ విడుదలను ‘తర్వాత చెయ్యాల్సిన పని’ అని రాసిపెట్టుకునే చీటీయే కాల్‌బ్యాక్. ఈ చీటీల ఒకే జాబితా కోసం కోర్లన్నీ తోసుకోకుండా ఏ కోరు జాబితా దానికే ఉంటుంది.

సీక్వెంట్‌ను 1999లో ఐబీఎం కొన్నది. ఆర్‌సీయూ 2002లో లైనక్స్‌లో చేరింది. ఆ పని చేసింది బెంగళూరు ఐబీఎం ఇంజనీరు దీపాంకర్ శర్మ. ప్రపంచంలోని ఫోన్లూ సర్వర్లూ మోస్తున్న ఈ కోడ్‌లో మన పొరుగు నగరం వాటా గురించి ఇక్కడ చెప్పుకునేవారు తక్కువే.

ఇప్పుడు ఒక కోరు ఆగిపోయింది. దాని జాబితాలో మిగిలిన చీటీలు ఏం కావాలి? ఏ తహసీల్దారు ఆఫీసులోనైనా సెలవు పెట్టిన గుమాస్తా బల్లమీది ఫైళ్లు పక్క బల్లకు చేరినట్టే, కెర్నెల్ వాటిని పనిలో ఉన్న మరో కోరుకు అప్పగించి, ఆగిన కోరు జాబితాను ‘పనిచేయనిది’గా గుర్తిస్తుంది. కోరు తిరిగి లేచేటప్పుడు జాబితాను సున్నా నుంచి మొదలుపెట్టాలి.

అన్నీ ఇంత సాఫీగా ఉండవు. కాల్‌బ్యాక్‌లను వేరే థ్రెడ్లకు (విడిగా నడిచే కెర్నెల్ పనులకు) అప్పగించిన కోర్లు కొన్ని ఉంటాయి. అలాంటి కోరు ఆగినా దాని జాబితా ఎక్కడికీ పోదు, థ్రెడ్లు దాన్ని ఖాళీ చేస్తూనే ఉంటాయి. ఇంకొకటి: కంప్యూటర్ బూట్ అవుతున్న తొలి క్షణాల్లోనే, ఆర్‌సీయూ సిద్ధం కాకముందే, చీటీలు పడవచ్చు. ఇలాంటి జాబితాను ‘కొత్త కోరు కదా’ అని తుడిచేస్తే చీటీలు గల్లంతే. ఆ మెమరీ ఎప్పటికీ విడుదల కాదు. ఆ చీటీ తనను లేపుతుందని నిద్రపోయిన ప్రోగ్రామ్ అలాగే ఉండిపోతుంది. తప్పు జరిగిన చోట చప్పుడుండదు. ఎప్పుడో, ఇంకెక్కడో మెషిన్ బిగుసుకుంటుంది.

అందుకే తుడిచేముందు కెర్నెల్ ఒకప్పుడు రెండు ప్రశ్నలు వేసేది: జాబితా ఖాళీగా ఉందా, థ్రెడ్లకు అప్పగించినదేనా? 2021లో ఫ్రెడెరిక్ వైస్‌బెకర్ వాటిని ఒక్కటి చేశాడు: ఈ జాబితా ఇప్పటికే పనిలో ఉందా? లేకపోతేనే మొదలుపెట్టు. ఖాళీగా ఉన్నంత మాత్రాన జాబితా పనిలో లేనట్టు కాదు. సరైన ప్రశ్న ఇదే.

ఎప్పుడు తుడవాలన్నదీ ముఖ్యమే. 2016లో థామస్ గ్లైక్స్‌నర్ హాట్‌ప్లగ్‌ను మెట్లుగా విడగొట్టే పని చేపట్టాడు; మధ్యలో ఏ మెట్టు విఫలమైనా ఎక్కినవన్నీ వరుసగా దిగిరావచ్చు. ఆర్‌సీయూ జాబితాను సిద్ధం చేసేది తొలి మెట్లలో, కోరు ఇంకా నిద్రలో ఉండగా, మేల్కొని ఉన్న మరో కోరు.

లైనక్స్ కంప్యూటర్ ఉన్న పాఠకులు రూట్ అనుమతితో రెండో కోరు ‘ఆన్‌లైన్’ ఫైల్లో 0 అని రాసి, తర్వాత 1 అని రాసి చూడండి. కోరు పడుకుని లేస్తుంది. జాబితాను తుడిచేముందు చూసే ఆ షరతూ ఒకసారి పనిచేస్తుంది.