పడవకు సరిపడా, చేపకు నచ్చినంత

ఒరెగాన్ అనగానే వానలు, పచ్చటి అడవులు గుర్తొస్తాయి. ఆ పచ్చదనమంతా కాస్కేడ్ కొండలకు పడమట. పసిఫిక్ మబ్బులు అక్కడే కురిసి తేలికపడతాయి. తూర్పున మిగిలేవి గడ్డి, సేజ్ పొదలు, నల్లటి బసాల్ట్ లోయలు. పడమటి కనుమల చాటున మన అనంతపురం ఎండినట్టే. ఆ ఎండు నేల మీదుగా రెండు నదులు ఉత్తరానికి పారి కొలంబియాలో కలుస్తాయి: జాన్ డే, డెషూట్స్.

దాదాపు 450 కిలోమీటర్ల జాన్ డే మీద పెద్ద ఆనకట్ట ఒక్కటీ లేదు. అమెరికాలో ఇది అరుదు. అందుకే అక్కడ నీటి లెక్కంతా బ్లూ పర్వతాల మంచుదే. వసంతంలో మంచు కరిగితే వేల క్యూసెక్కులు, ఆగస్టు చివరికి వందల్లోకి. క్లార్నో వంతెన దగ్గర రాఫ్ట్ దించితే కాటన్‌వుడ్ దాకా సుమారు 110 కిలోమీటర్లు, నాలుగైదు రోజుల దారి. తిండి, గుడారం పడవలోనే. మలమూత్రాల డబ్బా కూడా పడవలోనే తిరిగి రావాలి, అది నిబంధన.

దారిలో గాలం కూడా వేద్దామంటే చిక్కల్లా చేపతో. నది నిండుగా ఉన్నప్పుడు నీరు చల్లగా, బురదగా ఉంటుంది. స్మాల్‌మౌత్ బాస్ గాలాన్ని పట్టించుకోదు. నీరు తేరి వేడెక్కాక ఎగబడుతుంది. అప్పటికి బరువైన రాఫ్ట్ అడుగు రాళ్లకు రాసుకుంటుంది. రెండూ కుదిరేది మే చివరి నుంచి జూన్ దాకా, అదీ మంచు బాగా పడిన ఏడు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తేలికపాటి గాలి కయాక్‌లతో సరిపెట్టుకుంటారు.

డెషూట్స్‌కు ఈ తిప్పలు లేవు. కాస్కేడ్ మంచునీటిని లావా రాళ్ల పొరలు పీల్చుకుని, ఊటలుగా ఏడాది పొడవునా వదులుతాయి. దాని మీద ఆనకట్టలున్నా, నిలకడ ప్రధానంగా ఆ రాళ్ల చలవే. ఎండాకాలంలోనూ రాఫ్ట్ తేలుతుంది. అక్కడ రుతువును నిర్ణయించేది ఒక పురుగు. మూడు నాలుగేళ్లు నీటి అడుగున పెరిగిన సాల్మన్‌ఫ్లైలు మే, జూన్‌లలో రెక్కలొచ్చి ఒడ్డు గడ్డికి వేలాడతాయి. జారిపడిన వాటి కోసం రెడ్‌బాండ్ ట్రౌట్ చెట్ల నీడన కాచుకుంటుంది. దిగువ డెషూట్స్‌లో తేలే పడవలోంచి గాలం వేయడం నిషిద్ధం. ఒడ్డున ఆపి, దిగి వేయాల్సిందే. చేపకు ఆ మాత్రం వెసులుబాటు న్యాయమే.

జాన్ డే బాస్ మాత్రం స్థానికురాలు కాదు. 1971లో తెచ్చి వదిలారు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే స్టీల్‌హెడ్‌కు చల్లటి నీరు కావాలి. నది వేడెక్కే కొద్దీ బాస్ ఎగువకు పాకుతోంది. యాత్రికుల సంచి నింపుతున్న వేడి, స్టీల్‌హెడ్ పిల్లలకు చోటు తగ్గిస్తోంది.