భూసార పటంలో మీ పొలం ఎక్కడుంది?

భూసార కార్డు చేతికి వచ్చాక చాలామంది రైతులు అడిగే మాట ఒకటుంది: "మా చేలో మట్టి తీయనేలేదు, ఈ అంకెలు ఎక్కడివి?" న్యాయమైన ప్రశ్నే. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో ముందు ప్రతి చేను నుంచీ మట్టి తీయలేదు. ఊరి భూమిని పటం మీద గళ్లుగా విడగొట్టారు. నీటి వసతి ఉన్నచోట 2.5 హెక్టార్లకు, అంటే సుమారు 6 ఎకరాలకు ఒక నమూనా తీశారు. వర్షాధారమైతే 10 హెక్టార్లకు, దాదాపు 25 ఎకరాలకు ఒకటి. ఆ గడిలో పొలమున్న వారందరికీ అదే ఫలితం రాసి ఇచ్చారు.

ఇందులో మోసం లేదు. పటం తీసే పద్ధతే అంత. పరిశోధన సంస్థలు కూడా అక్కడక్కడా గుంతలు తవ్వి, పొరల రంగు, లోతు, జిగట, గులకరాళ్లు చూస్తాయి. గుంతకూ గుంతకూ మధ్య నేల ఎలా ఉంటుందో ఉపగ్రహ చిత్రాలను, భూమి వాలును బట్టి అంచనా కడతాయి. నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ మొదట రాష్ట్రాలకు 1:2,50,000 స్కేలులో పటాలు తీసింది. అందులో ఒక చదరపు సెంటీమీటరు అంటే నేల మీద 625 హెక్టార్లు, 1,500 ఎకరాల పైమాటే. జిల్లాకు ఏ పంటలు నప్పుతాయో తేల్చడానికి అది చాలు. మీ రెండెకరాలకు ఎంత ఎరువు వేయాలో అది చెప్పలేదు. ఇప్పుడు అదే సంస్థ 1:10,000 స్కేలులో చేస్తున్న సర్వేలో చదరపు సెంటీమీటరుకు ఒక హెక్టారు వస్తుంది. అయినా అది రెండున్నర ఎకరాలు.

మెరక, పల్లం చూడండి

మన దక్కను నేలల్లో వంద గజాలకే మట్టి మారిపోతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ ప్రాంగణం ఒక్కదానిలోనే ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. మెరక మీది సన్నమట్టిని, సున్నాన్ని, లవణాలను వాన నీరు కిందికి తీసుకుపోతుంది. అందుకే మెరకన లోతు తక్కువ ఎర్ర చల్క, పల్లంలో నల్ల మట్టి, నీరు ఇంకని చోట చౌడు కనిపిస్తాయి. సున్నం పేరుకున్న చోట వేరుశనగ లేత ఆకులు పసుపు రంగుకు మారతాయి. అది ఇనుము లోపం. యూరియా వేస్తే తగ్గదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పిచికారీ చేయాలి.

చౌడు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. తెల్లగా పొడిలా పేరుకునే పాల చౌడుకు మంచి నీరు పెట్టి, మురుగు కాలువ ద్వారా లవణాలను బయటికి పంపాలి. తడిస్తే బురదై, ఎండితే గట్టిపడే కారు చౌడుకు జిప్సం కావాలి. ఎకరంలో పావు వంతే కారు చౌడైతే మొత్తానికి జిప్సం వేయడం డబ్బు దండగ. కార్డులోని ఒక్క ఉదజని సూచిక చూసి ఆ పావు వంతు ఎక్కడుందో తెలియదు. మీ కాళ్లకు తెలుసు.

మీ పటం మీరే గీయండి

ముందు కార్డు మీద నమూనా తీసిన చోటి అక్షాంశం, రేఖాంశం ఉన్నాయేమో చూడండి. ఆ అంకెలను ఫోనులోని మ్యాపులో కొడితే మట్టి ఎక్కడ తీశారో తెలుస్తుంది. అది మీ చేనుకు దగ్గరై, అదే వాలులో, అదే రంగు మట్టిలో ఉంటే ఫలితాన్ని చాలావరకు నమ్మవచ్చు. మీది గుట్ట వార, అది చెరువు కింద అయితే మాత్రం ఆ కార్డును పట్టుకుని ఎరువులు కొనవద్దు.

తర్వాత తెల్ల కాగితం మీద చేను గట్లు, బోరు, నీరు పారే దారి, మెరక, పల్లం గీయండి. పైరు ఏటా ఎక్కడ గిడసబారుతుందో, ఎక్కడ ముందుగా వాడుతుందో గుర్తు పెట్టండి. ఈ పని ఇంట్లో ఆడవాళ్లతో కలిసి చేస్తే మంచిది, కలుపు తీసేవారికి మూలమూలా తెలుసు. ఇలా తేలిన ఒక్కో ముక్క నుంచి వేరుగా నమూనా తీయాలి.

ఒక్కో ముక్కలో 8 నుంచి 10 చోట్ల, 15 సెం.మీ. లోతున 'వి' ఆకారంలో గుంత తీసి, గోడ పక్క నుంచి అంగుళం మందాన మట్టి గీరండి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చండి. గట్ల పక్క, చెట్ల కింద, పెంట కుప్ప వేసిన చోట తీయకూడదు. ఎరువులు వేసిన వెంటనే కూడా వద్దు. పంట లేని ఎండాకాలమే అనువు. సంచిలో వేసే చీటీ మీద పేరు, సర్వే నంబరు, వేయబోయే పంటతో పాటు 'మెరక ముక్క' అనో 'పల్లపు ముక్క' అనో తప్పక రాయండి. అది లేకపోతే ఫలితాలు వచ్చాక ఏ కాగితం ఏ ముక్కదో మీకే తెలియదు.