కంప్యూటరులో తెలుగు కొలువు

మహారాష్ట్రలో చంద్రపూర్ నగరాన్ని ఆనుకొని దుర్గాపూర్ ఉంది. ఇది బొగ్గు ఊరు. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ వారి ఉపరితల గని ఇక్కడ ఉంది. సమీపంలోనే 2,920 మెగావాట్ల సామర్థ్యం గల చంద్రపూర్ థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. ఈ ప్రాంతానికి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. ఆ ఇళ్ళలో పిల్లలు అమ్మతో తెలుగు, అంగడిలో మరాఠీ లేదా హిందీ మాట్లాడతారు. కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం ఎదురయ్యేది చాలావరకు ఇంగ్లీషే. అందువల్ల అది పుట్టుకతోనే ఇంగ్లీషు యంత్రమని పలువురు అనుకొంటారు. నిజానికి యంత్రానికి ఏ భాషా రాదు. దానికి తెలిసినవి సున్న, ఒకటి మాత్రమే. మనిషితో ఏ భాషలో వ్యవహరించాలో దానికి నేర్పేది ఆపరేటింగ్ సిస్టమ్.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి? ఉపరితల గనిని చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. షావెల్ బొగ్గును ఎత్తి పోస్తుంది. డంపరు మోసుకొనిపోతుంది. ఏ డంపరు ఏ షావెల్ దగ్గరకు పోవాలో చూసే ఓవర్‌మన్ ఆ షిఫ్టులో లేకపోతే ఒకచోట డంపర్లు బారులు తీరుతాయి, మరొకచోట షావెల్ ఊరక నిలబడుతుంది. కంప్యూటరులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు, తెర అన్నీ ఉన్నా వాటికి పనులు పంచిపెట్టే ఓవర్‌మన్ వంటిది ఉండాలి. అదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లినక్స్ ఇటువంటివే.

కంప్యూటరు మీట నొక్కగానే మదర్‌బోర్డుపై చిన్న చిప్‌లో ఉన్న ప్రోగ్రాము మొదట మేలుకొంటుంది. మెమరీ, కీబోర్డు వంటివి సరిగా ఉన్నాయో లేవో చూసుకొంటుంది. ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడ ఉన్నదో వెదకుతుంది. మామూలుగా అది డిస్కులో దొరుకుతుంది. కొత్తగా ఎక్కించేటప్పుడు మాత్రం పెన్‌డ్రైవ్‌లో వెదకమని ఆ ప్రోగ్రాముకు చెప్పాలి.

అక్కడి నుండి తెరపై వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోవడమే. వాటిలో ప్రమాదకరమైనది ఒకటి ఉంది. డిస్కును ఎలా విభజించాలి అని యంత్రం అడుగుతుంది. మొత్తం డిస్కును వాడుకోమని చెబితే అందులో ఉన్న ఫోటోలు, ఉత్తరాలు, లెక్కలు అన్నీ తుడిచిపెట్టుకొనిపోతాయి. కాబట్టి పని మొదలుపెట్టకముందే వాటి నకళ్ళు వేరొకచోట దాచుకోవాలి. పెద్దవారు కూడా తొందరపడి నష్టపోయేది ఇక్కడే. మిగిలినవి చిన్న పనులు. వాడేవారి పేరు, సంకేతపదం ఇవ్వాలి. గడియారాన్ని గ్రీన్‌విచ్ కాలం కన్న 5 గంటల 30 నిమిషాలు ముందున్న భారత ప్రామాణిక కాలానికి కుదర్చాలి.

ఇక భాష. పూర్వం తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అక్షరాలకు సంఖ్యలు ఇచ్చుకొన్నారు. చంద్రపూర్‌లో ఒక ఫాంటుతో రాసిన ఉత్తరం, ఆ ఫాంటు లేని ఆదిలాబాదు కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలుగా కనపడేది. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ఈ చిక్కు తీరడానికి దారి చూపింది. అందులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. తెలుగు 'క' సంఖ్య 3093. మరాఠీ రాసే దేవనాగరిలో 'క' సంఖ్య 2325. తేడా 768. 'అ' కూడా అంతే. తెలుగులో 3077, దేవనాగరిలో 2309. బ్రాహ్మి నుండి పుట్టిన మన లిపుల అక్షరక్రమం ఒకటే కావడం వల్ల, భారత ప్రమాణాన్ని అనుసరించి వాటిని ఇలా సమానంగా అమర్చారు.

సంఖ్య ఉంటే చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం యంత్రం లోపల ఆరు సంఖ్యలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి, వత్తులను కిందికి చేర్చి చూపే నేర్పు ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఉండాలి. లేకపోతే 'స్‌త్‌రీ' అని ముక్కలుగా కనపడుతుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. అయినా భారతీయ లిపుల కోసం అమరికలలో ఒకచోట ప్రత్యేకంగా గుర్తు పెట్టవలసివచ్చేది. ఆ సంగతి తెలియనివారు కంప్యూటరుకు తెలుగు రాదనుకొన్నారు. ఇప్పటి వ్యవస్థలలో ఆ అవసరం లేదు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను మోయలేని పాత కంప్యూటర్లున్న బడులకు లినక్స్ తగినది. దీని మూలభాగాన్ని 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి రాశాడు. 1993లో మొదలైన డెబియన్ దీనితో తయారైన ఒక వ్యవస్థ. డెబియన్ ఆధారంగా సీడాక్ సంస్థ 2007లో బాస్ అనే భారతీయ వ్యవస్థను విడుదల చేసింది. డెబియన్‌ను ఎక్కించేటప్పుడు చిత్రరూప పద్ధతిని ఎంచుకొంటే భాషల పట్టికలో తెలుగు కనపడుతుంది. ఉత్త అక్షరాల పద్ధతిలో కనపడదు, ఆ తెర వత్తులను కూర్చలేదు. తెలుగు మాటలను స్వచ్ఛందంగా అనువదించినవారు కొద్దిమంది. అందుచేత అక్కడక్కడ ఇంగ్లీషు మాటలు మిగిలే ఉంటాయి.

చివరగా కీబోర్డు అమరిక. ఇన్‌స్క్రిప్ట్ అనే భారత ప్రమాణంలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. తెలుగు 'క'కు, మరాఠీ 'క'కు మీట ఒక్కటే. 'త', 'ర', 'స' కూడా అంతే. దుర్గాపూర్ పిల్లలు వేళ్ళకు ఒకసారి నేర్పితే రెండు భాషలూ రాయవచ్చు. అమరికలలో తెలుగు, మరాఠీ రెండింటినీ చేర్చుకొంటే, ఒక మీటతో ఒకదాని నుండి మరొకదానికి మారవచ్చు. అన్నీ కుదిరాయో లేదో చూడటానికి 'స్త్రీ' అని కొట్టి చూడాలి.