చిలుకపలుకులు – అర్థగ్రహణము

అర్థము తెలియక పాఠము వల్లించు విద్యార్థి మాటలను మనము చిలుకపలుకు లందుము. కావ్యములలో నాయిక పలుకు చిలుకపలు కైనచో అది మెప్పు. తరగతిలో అదియే నింద. రెండుచోట్లను చిలుకకు దక్కినది ధ్వనియే కాని యర్థము కాదు. ఈ నిర్ణయ మెంతవఱకు నిలుచునో పరీక్షించిన పరిశోధన యొకటి కలదు. మన పూర్వుల శక్తిగ్రహవిచారముతో దానికి సన్నిహితమైన పోలిక యుండుటచే ఇచట వివరింపబూనితిమి.

రసాయనశాస్త్రమున డాక్టరేటు పొందిన ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను అమెరికా విదుషి 1977లో చికాగో ప్రాంతమున నొక అంగడిలో సుమారు ఏడాది వయసు గల బూడిదవన్నె ఆఫ్రికా చిలుకను కొని, అలెక్స్ అని పేరిడెను. 2007లో అది మరణించువఱకు పరిశోధన సాగినది.

శిక్షణపద్ధతి యిట్టిది. ఇద్దఱు మనుష్యులు చిలుక యెదుట నుందురు. ఒకరు తాళపుచెవిని చూపి 'ఇది యేమి?' యని యడుగుదురు. రెండవవారు సరిగా చెప్పినచో ఆ తాళపుచెవియే వారికి లభించును. తప్పు చెప్పినచో మందలించి వస్తువును మఱుగుపఱతురు. ఆ రెండవవారు చిలుకకు మాదిరియు, పోటీదారును. పిదప ఇద్దఱును పాత్రలు మార్చుకొందురు. ఇందు బహుమానము విషయము గమనింపదగినది. ఏ మాట పలికినను గింజయే లభించినచో ప్రతిమాటకును గింజయే యర్థమని పక్షి తలచు నవకాశము కలదు. పలికిన వస్తువే చేతికి వచ్చుటచే శబ్దమునకును వస్తువునకును గల సంబంధము చెడదు. ఈ పద్ధతికి మూలము టాట్ అను జర్మను శాస్త్రజ్ఞునిది. పాత్రల మార్పును పెప్పర్‌బర్గ్ చేర్చెను. ఆ మార్పు లేనపుడు చిలుకలు తమ్ము ప్రశ్నించుటకు అలవాటుపడిన వ్యక్తికి మాత్రమే బదులిచ్చెడివి.

శాస్త్రపరిచయము గలవారికి ఇది వినగానే వృద్ధవ్యవహారము స్ఫురింపక మానదు. ఒక పెద్ద 'ఆవును తెమ్ము' అనును, మఱియొకడు తెచ్చును, చూచుచున్న బాలుడు వాక్యమంతటికి నొక యర్థమును గ్రహించును. పిదప 'ఆవును కట్టుము', 'గుఱ్ఱమును తెమ్ము' అనుచోట్ల ఒకమాట చేరి యొకమాట తొలగుటచే, అనగా ఆవాపోద్వాపములచే, విడిపదమునకు శక్తి నిశ్చయ మగును. అయితే ఆ బాలుడు ప్రేక్షకుడు, అలెక్స్ పోటీదారు. ఇతర చిలుకలకు ధ్వనిముద్రికలు వినిపించియు, వీడియోలు చూపియు చేసిన శిక్షణ సార్థకమైన మాటల నీయకపోవుట ఈ భేదమును బలపఱచుచున్నది.

ఇట్టి పరిశోధనల కెల్ల హాన్స్ అను గుఱ్ఱము హెచ్చరిక. బెర్లినులో గిట్టతో నేలను తట్టి లెక్కలకు సమాధానము చెప్పిన ఆ గుఱ్ఱము నిజమునకు ప్రశ్నించువాని తల కదలికను కనిపెట్టుచున్నదని 1907లో ఫుంగ్‌స్ట్ వెల్లడించెను. ప్రశ్నికునకే సమాధానము తెలియనిచో గుఱ్ఱమునకును తెలియలేదు. అందుచే అలెక్స్ పరీక్షలలో ముఖ్యశిక్షకురాలు చిలుకకు వీపు త్రిప్పి కూర్చుండి, చూపిన వస్తువును తాను చూడక, విన్నమాటను మాత్రము పైకి చెప్పెడిది.

అలెక్స్ సుమారు 50 వస్తువుల పేర్లు, 7 రంగులు, 5 ఆకారములు, 6 వఱకు సంఖ్యలు నేర్చినది. అంతకంటె ముఖ్యమైనది సామ్యభేదముల పరీక్ష. రెండు వస్తువులను చూపి 'దేనిలో సామ్యము? దేనిలో భేదము?' అని యడుగగా రంగు, ఆకారము, పదార్థము అను మూడింటిలో నొకదానిని చెప్పవలెను. 1987లో ప్రకటితమైన ఫలితములలో నూటికి సుమారు 80 సరియైనవి. మునుపు చూడని వస్తువుల విషయమునను అది తప్పిపోలేదు. ఏ భేదమును లేనిచో 'ఏదియు లేదు' అనుటయు నేర్చినది. తాళపుచెవిని వ్రేలితో చూపవచ్చును, అభావమును చూపలేము. అందుచే మా దృష్టిలో ఈ యొక్కమాట తక్కిన పేర్లన్నిటికంటె బరువైనది.

ఇంతమాత్రమున చిలుకకు భాష వచ్చిన దనరాదు. పెప్పర్‌బర్గ్ కూడ అలెక్స్ మాటలను 'లేబుళ్లు' అనియే వ్యవహరించెను. వాక్యము మఱియొక మెట్టు. అచట నోరులేని పెంపుడు కుక్క కొంత ముందున్నది. అమెరికాలో జాన్ పిల్లీ పెంచిన ఛేజర్ 1,022 ఆటవస్తువుల పేర్లను గుర్తించినట్లు 2011లోను, 'బంతి యొద్దకు చక్రమును', 'చక్రము నొద్దకు బంతిని' అనునట్టి యాజ్ఞల భేదమును గ్రహించినట్లు 2013లోను ప్రకటింపబడినది. ఇంగ్లీషున ఇట్టిచోట పదక్రమము ప్రధానాధారము. తెలుగున పదములను తాఱుమాఱు చేసినను విభక్తి యర్థమును నిలుపును. మన యిండ్ల కుక్కలతో ఈ పరీక్షను తెలుగున జరిపి, క్రమమును మార్చుచు విభక్తిని నిలిపియు, విభక్తిని మార్చుచు క్రమమును నిలిపియు చూచినచో, కుక్క వినునది 'ను', 'కు'లనో, పదముల వరుసనో తేలగలదు. పరిశోధక విద్యార్థులకు ఇది చేపట్టదగిన పని.