చక్రాల మీద సంసారం

"రెండు నెలలు బండిలోనే ఉంటారా! వంటా, స్నానాలూ ఎలాగమ్మా?" అంది మా తోటికోడలు, అమెరికా బయల్దేరుతుంటే. నిజం చెప్పొద్దూ, నా బెంగా అదే.

2019 చలికాలంలో మా అమ్మాయీ అల్లుడూ ఓ పాత మోటర్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ అందులోనే. రెండేళ్ల మనవరాలితో కలిపి ఐదుగురం ఆరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ చేరాం. ఊరి పక్కనే లా పోసా అనే ప్రభుత్వ స్థలం. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ తీసుకుని బండి ఆపుకోవచ్చు. మేం వెళ్లినప్పుడు సీజనుకి 180 డాలర్లు. మంచు పడే రాష్ట్రాల నుంచి వచ్చిన పెద్దవాళ్లే చుట్టూ ఎక్కువ.

నీళ్లే బంగారం

మా టాంకులో పట్టేది సుమారు 150 లీటర్లు. అదే మూడు రోజులు రావాలి. షవరు మానేసి చక్కగా మన చెంబు స్నానం మొదలుపెట్టాను. వేడినీళ్లు వచ్చేదాకా కారే చన్నీళ్లు బకెట్లో పట్టాను. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెల మొదటి కడుగు.

వాడిన నీళ్లు కిందనున్న ఇంకో టాంకులో చేరతాయి. అది నిండిందా, స్నానాల గదిలోకి ఎగదన్నుతుంది! జిడ్డు గిన్నెలు కాగితంతో తుడిచాకే కడగండి. టాయిలెట్‌కి వేరే టాంకు. ఖాళీ చేసే చోట ముందు దాని వాల్వు తీయాలి, తర్వాత స్నానం నీళ్లది. అప్పుడే గొట్టం శుభ్రపడుతుంది.

వంటింటి సర్దుబాట్లు

మిక్సీ వేయాలంటే జనరేటర్ వేయాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆ చప్పుడు కూడదు. అందుకే పచ్చళ్లు సాయంత్రమే రుబ్బేదాన్ని. కుక్కర్ తప్పక ఉండాలి, గ్యాసూ నీళ్లూ రెండూ ఆదా. మన సరుకుల కొట్టుకి ఫీనిక్స్ వెళ్లాలి, దాదాపు 200 కిలోమీటర్లు. పప్పులు, చింతపండు నెలకి సరిపడా ముందే కొనుక్కున్నాం.

ఆ తెల్లవారుజామున...

ఎడారిలో పగలు ఎండ, రాత్రి వణికించే చలి. ఓరోజు 5 గంటలకే లేచాను. పసిది ముడుచుకు పడుకుంది. కాస్త వెచ్చగా ఉంటుందని కిటికీలన్నీ మూసి, రెండు పొయ్యిలూ వెలిగించి కూర్చున్నాను. కాసేపటికి తల దిమ్మెక్కింది. నిద్ర చాలకేమో అనుకున్నా. ఇంతలో గోడమీది అలారం కెవ్వుమంది. అల్లుడు ఒక్క ఉదుటున లేచి పొయ్యి కట్టేసి, తలుపు తీసి, పాపతో సహా అందర్నీ బయటికి నడిపించాడు.

కార్బన్ మోనాక్సైడట. వాసన ఉండదు, కనిపించదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. "ముప్పయ్యేళ్లుగా వంట చేస్తున్నాను, నాకు తెలియదా" అనుకునే నేను ఆ చలిలో శాలువా కప్పుకుని ఏడ్చేశాను. అల్లుడు ఒక్క మాటనలేదు. "హీటర్ ఎలా వేయాలో మీకు చెప్పకపోవడం మా తప్పత్తయ్యా" అన్నాడు.

కాబట్టి పొయ్యి వంటకే, చలి కాచుకోవడానికి కాదు. వండేటప్పుడు కప్పుమీది కిటికీ తెరిచి ఉంచండి. అలారం మోగుతుందో లేదో వారానికోసారి మీట నొక్కి చూడండి. తల తిరిగితే నిద్రలేమి అనుకోక బయటికి రండి.

ఇంకోటి. అక్కడ ఆపదొస్తే 911కి ఫోన్ చేయాలి. కానీ ఎడారిలో డోర్ నంబరుండదు. బండి ఆపిన స్థలం పేరు, హైవే నంబరు, దగ్గరి మైలురాయి, మీ మందుల పేర్లు ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

తోటికోడలికి ఇప్పుడు జవాబు చెప్పగలను. వంటా స్నానాలూ ఎలాగో అయిపోతాయి. తెలియంది మొహమాటపడకుండా అడగడమే ముఖ్యం, అల్లుడినైనా సరే!