పరమాణువు: ఒకే మాట, రెండు అర్థాలు

తెలుగు రసాయనశాస్త్ర పాఠాలలోను అభిధర్మంలోను ‘పరమాణువు’ ఒకే మాట. ఈ సామ్యం వల్లనే ఉపన్యాసాలలో, ప్రదర్శనశాలల ఫలకాలలో రెండింటినీ ఒకటిగా చెప్పే పొరపాటుకు అవకాశం కలుగుతుంది.

వసుబంధుని అభిధర్మకోశం ప్రకారం కామధాతువులో శబ్దం, ఇంద్రియం లేని చోట పరమాణుసంఘాతంలో కనీసం ఎనిమిది ద్రవ్యాలుంటాయి: నాలుగు మహాభూతాలు, రూప గంధ రస స్ప్రష్టవ్యాలు. ఇది ఇంద్రియానుభవాన్ని విశ్లేషించే క్రమం. సంప్రదాయం ఆయనదిగానే చెప్పే వింశతిక పరమాణువాదాన్నే పరీక్షిస్తుంది. ఆరు దిక్కుల నుండి ఆరు పరమాణువులు ఒకదానితో కూడితే దానికి ఆరు భాగాలు ఏర్పడతాయి. అప్పుడది నిరవయవం కాజాలదు. అన్నీ ఒకే చోట ఉంటే పిండమంతా పరమాణు ప్రమాణమే అవుతుంది, కంటికి కనబడదు.

ఐరోపాలోనూ పరమాణువు చిరకాలం తత్త్వవిచారణకే పరిమితం. న్యూటన్ సైతం 1687 నాటి తన గ్రంథానికి ప్రకృతి తత్త్వశాస్త్రమనే పేరు పెట్టాడు. డాల్టన్ 1808 నాటి గ్రంథంలో పరమాణువులకు సాపేక్ష భారాలను నిర్దేశించాడు. ద్రవంలోని రేణువుల చలనాన్ని కొలిచి, దాని ఉనికికి పెరిన్ 1908 నుండి బలమైన సాక్ష్యం చూపాడు.

తూకం, కొలత డాల్టన్, పెరిన్‌ల సాధనాలు, తర్కం వసుబంధునిది. అంగీకృత సిద్ధాంతాన్ని సైతం పరీక్షకు నిలపడం ఉభయులకూ సమానం. అభిధర్మాన్ని వ్యాఖ్యానించేవారు గుర్తించవలసిన సామ్యం ఇదే.