గొంతు నొప్పి తెప్పించే బ్యాక్టీరియాతో గుండెపోటుకు మందు.. ల్యాబ్‌లో ఎలా తయారవుతుందో తెలుసా?

ఛాతీలో నొప్పి అని పెద్దాయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తాం. ఈసీజీ చూసిన డాక్టర్ "గుండె రక్తనాళంలో గడ్డ ఉంది, కరిగించే ఇంజెక్షన్ వెయ్యాలి" అంటారు. ఇంతకీ ఆ ఇంజెక్షన్‌లో ఏముంటుంది? దశాబ్దాలుగా వాడుతున్న స్ట్రెప్టోకైనేజ్ అయితే.. అది పుట్టింది స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా నుంచి. అవును, గొంతు ఇన్ఫెక్షన్లు తెప్పించే జాతే!

మరోవైపు 'గడ్డలు కరిగిస్తుంది' అంటూ నాటోకైనేజ్ క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అదీ బ్యాక్టీరియా నుంచి వచ్చేదే. మరి రెండూ ఒకటేనా? కానే కాదు. ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదకు రావచ్చు.

పారేయాల్సిన ట్యూబ్‌లో దొరికింది

1933.. అమెరికాలో విలియం టిలెట్ అనే డాక్టర్ రక్తంలోని ప్లాస్మాలో స్ట్రెప్టోకాకస్ కలిపి చూస్తున్నారు. అది గడ్డ కట్టదని ఆయన అంచనా. కానీ కట్టింది. ప్రయోగం ఫెయిల్ అనుకున్నారు. కాసేపటికి మళ్లీ చూస్తే.. ఆ గడ్డ కరిగి నీరైపోయి ఉంది! బ్యాక్టీరియా ఏదో పదార్థాన్ని వదులుతోందని అప్పుడు అర్థమైంది.

నిజానికి స్ట్రెప్టోకైనేజ్ నేరుగా గడ్డను కరిగించదు. మన రక్తంలోనే ఊరికే ఉండే ప్లాస్మినోజెన్‌ను పట్టుకుని ప్లాస్మిన్‌గా మారుస్తుంది. గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే వలను కోసేది ఆ ప్లాస్మినే.

శుద్ధి చెయ్యకపోతే ఏమవుతుంది?

అసలు కథ ఇక్కడే ఉంది. 1955లో ఈ మందును మనుషులకు నరం ద్వారా ఎక్కించి చూసినప్పుడు జ్వరం వచ్చింది, బీపీ పడిపోయింది. మందులో బ్యాక్టీరియా తాలూకు మలినాలు మిగిలి ఉండటంతో ఇంకా శుద్ధి చెయ్యాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో ఈ పని ఇలా జరుగుతుంది..

* ముందు బ్యాక్టీరియానో, ఆస్పర్‌గిల్లస్ లాంటి బూజునో పోషక ద్రవంలో పెంచుతారు. తర్వాత ఆ ద్రవాన్ని వేగంగా తిప్పి కణాలను వేరు చేస్తారు.
* మిగిలిన ద్రవంలో అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు వేస్తారు. పాలు విరిగినట్టు ప్రొటీన్లు విడిపోయి అడుగుకు చేరతాయి.
* పల్చటి పొర సంచిలో పెట్టి ఆ ఉప్పును తీసేస్తారు. దీన్నే డయాలసిస్ అంటారు.
* తర్వాత కాలమ్ అనే గొట్టాల గుండా పంపి.. విద్యుత్ ఆవేశాన్ని బట్టి, సైజును బట్టి ఒక్కో ప్రొటీన్‌ను విడదీస్తారు.
* చివరికి జెల్ మీద నడిపిస్తారు. ఒకే ఒక్క గీత కనిపిస్తే.. దాదాపు శుద్ధమైనట్టే.

ప్రతి స్టెప్‌లోనూ కొంత ఎంజైమ్ పోతుంది. మలినాలు ఎంత తగ్గించాలి, మందు ఎంత మిగుల్చుకోవాలి అన్నదే అసలు సవాల్.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

చిన్న గాజు ప్లేట్‌లో ఫైబ్రిన్ గడ్డను పలుచగా పరిచి, మీద ఒక చుక్క వేస్తారు. గడ్డ కరిగిన చోట గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. దాని సైజు కొలిస్తే బలం తెలిసిపోతుంది. ఏ వేడి దగ్గర పని చేస్తుంది, ఏ పీహెచ్ తట్టుకుంటుంది, బరువెంత అన్నవీ చూస్తారు. ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి.. గడ్డను మాత్రమే కోస్తుందా, రక్తంలోని మిగతా ప్రొటీన్లనూ కోసేస్తుందా? రెండోదైతే రక్తస్రావం ముప్పు ఎక్కువ.

శుద్ధి చేసిన స్ట్రెప్టోకైనేజ్ సత్తా ఏంటో 1988లో ప్రపంచానికి తెలిసింది. 17,187 మందిపై జరిగిన ఐసిస్-2 ట్రయల్‌లో, ఏ మందూ ఇవ్వని వారిలో 5 వారాల్లో గుండె, రక్తనాళాల సమస్యలతో 13.2 శాతం మంది చనిపోతే.. స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ ఇచ్చిన వారిలో అది 8 శాతమే. తర్వాత మన హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ కూడా రీకాంబినెంట్ పద్ధతిలో 'ఇండికైనేజ్' పేరుతో ఈ మందు తయారుచేసింది.

మరి నాటోకైనేజ్ సంగతి?

జపాన్‌లో సోయా గింజలను పులియబెట్టి చేసే వంటకం నాటో. దాన్ని పులియబెట్టే బ్యాసిలస్ సబ్‌టిలిస్ నుంచి ఈ ఎంజైమ్ వస్తుంది. జపాన్ పరిశోధకుడు హిరోయుకి సుమీ బృందం 1987లో దీని గురించి ప్రచురించింది. ప్లేట్ మీద గడ్డను బాగానే కరిగిస్తుంది. కానీ ప్లేట్ వేరు, మనిషి గుండె వేరు. గుండెపోటుకు ఇది ఆమోదం పొందిన మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్ మాత్రమే.

ఇవి గుర్తుంచుకోండి

* ఛాతీ నొప్పి వస్తే ఇంట్లో క్యాప్సూల్ వేసుకుని ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది.
* రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టర్‌ను అడక్కుండా నాటోకైనేజ్ వాడితే రక్తస్రావం కావచ్చు. నాటో వంటకంలో విటమిన్-కె ఎక్కువ, అది వార్ఫరిన్‌ను పని చెయ్యనివ్వదు.
* గతంలో స్ట్రెప్టోకైనేజ్ వేయించుకుని ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. బ్యాక్టీరియా ప్రొటీన్ కాబట్టి శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. రెండోసారి పని చెయ్యకపోవచ్చు, అలర్జీ కూడా రావచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందైనా డాక్టర్ సలహాతోనే వాడాలి.